యాదలక్ష్మి కలపని తొక్కు

పూత వాసన.

జనవరి చివర్లో ఒక పొద్దున, మందుల కంపునూ ఫినాయిల్‌నూ తోసుకుంటూ, మూడో అంతస్తు కిటికీలోంచి మామిడి పూత వాసన వచ్చింది.

ఆడవాళ్ళ వార్డులో ఎవరూ తల తిప్పలేదు. ఎవరి నొప్పి వాళ్ళది.

పదకొండో మంచం మీద యాదలక్ష్మి మాత్రం ఒకసారి గట్టిగా గాలి పీల్చింది.

పీల్చి... మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ అయి నాలుగో రోజు. పెద్దపేగు చివర పెరిగిన కాన్సర్ గడ్డను కోసి తీసేశారు. గడ్డతో పాటు దారీ పోయింది. అందుకని కడుపు మీద, ఎడమపక్కన, మలానికి కొత్త దారి పెట్టారు. ఆ దారి మీద ఒక సంచి అతికించారు. ఇక బతికినన్నాళ్ళూ అంతే.

డాక్టర్లు ప్రాణం నిలబెట్టి వెళ్ళిపోయారు. ఆ ప్రాణంతో ఎట్లా బతకాలో నేర్పే పని విజయశ్రీది.

విజయశ్రీ నర్సు. ఎల్.బి.నగర్‌లోని ఆ దవాఖానలో పదకొండేళ్ళ నుంచి ఉంది. కడుపుకు సంచి పడ్డవాళ్ళకు పాఠం చెప్పడమే ఆమె కొలువు. ఇల్లు అలకగానే పండగ కాదు, కోసి కుట్టగానే రోగం తీరదు — ఆ సంగతి ఆ దవాఖానలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పాఠం ఆమెకు కంఠతా వచ్చు.

ఇది పుండు కాదు, పేగు కొస. లోపెదవిలాగా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి పుట్టదు. గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. అద్ది తుడవాలి. కొలిచి, సంచికి కన్నం కత్తిరించాలి. అతికించి, అరచేతి వేడి తగిలేదాకా అదిమి పట్టుకోవాలి. మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అంతే. ఇక అంటూ లేదు, ముట్టూ లేదు.

వండొచ్చు. వడ్డించొచ్చు.

వండొచ్చు, వడ్డించొచ్చు... ఆ రెండు మాటలు ఎన్ని వందల మందికి చెప్పిందో ఆమెకే లెక్క లేదు.

యాదలక్ష్మి వినలేదు.

సంచి మార్చేటప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కునేది. కిందికి చూడమంటే పైన ఫ్యాను చూసేది. ఒకసారి మాత్రం, కొంగు కిందనుంచే, "అది నాది కాదు" అంది.

మొగుడు లింగస్వామి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తాడు. మంచివాడే. వచ్చేవాడు, మంచం కాళ్ళ దగ్గర నిలబడేవాడు, సంచి మార్చే వేళకు టీ తాగడానికి పోయేవాడు. అంత మంచివాడు.

అయిదో రోజు విజయశ్రీ పాఠం చెప్పలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్న ఏం వాసన చూసినవ్ అక్కా?"

గోడతో చెప్పినట్టుగా చెప్పింది యాదలక్ష్మి.

"పూత. ఈ యేడు కాయ మస్తుగ కాస్తది."

ఇక ఆగలేదు. కొత్తపేటలో వాళ్ళ గల్లీ, గల్లీలో ఏడిళ్ళు, పద్నాలుగేళ్ళ తొక్కు — అన్నీ ఒక్కసారే పొంగి వచ్చాయి.

మామిడికాయ తొక్కు ఎవరైనా పెడతారు. కలిపే చెయ్యి మాత్రం అందరికీ ఉండదు. గంటె పెట్టి కలిపితే అది తొక్కే కాదు. ముక్కలూ కారమూ ఆవపిండీ ఎల్లిపాయా బేసిన్‌లో పోసి, నూనె పోసి, గాజులు పైకి తోసుకుని, వట్టి చేతులు మోచేతుల దాకా దించి కలపాలి. ఒకరు కలిపితే నెలకే బూజు. ఒకరు కలిపితే మళ్ళీ కాయ వచ్చేదాకా ముక్క కరకరలాడుతుంది. డాక్టరుకు హస్తవాసి ఎట్లాగో తొక్కుకూ అట్లాగే.

యాదలక్ష్మి హస్తవాసి ఆ గల్లీలో పేరు మోసింది. ఏప్రిల్ రాకముందే ఏడిళ్ళవాళ్ళూ వచ్చి ఆమెతో రోజు ఖాయం చేసుకునేవాళ్ళు. జాడీకి ఎత్తినాక, బేసిన్‌కు అంటుకున్న కారంలో వేడన్నం వేసి కలిపితే, మొదటి ముద్ద ఆమెకే పెట్టాలి. అదే మర్యాద.

"ఇగ నన్నెవలు పిలుస్తరు సిస్టర్?"

కడుపు కోసినందుకు కాదు. సంచి పెట్టినందుకు కాదు. ఈ మాటకు ఏడ్చింది ఆమె, నాలుగు రోజుల తర్వాత, మొదటిసారి.

అప్పుడు విజయశ్రీ ఒక మాట ఇచ్చింది.

"ఈ ఎండకాలం మా ఇంట్ల తొక్కు నువ్వే కలుపాలె అక్కా."

"ఊకె అంటున్నవ్."

"ఊకె ఎందుకంట? సబ్బుతోని కడుక్కుంటే నీ చెయ్యి, నా చెయ్యి ఒక్కటే."

యాదలక్ష్మి గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

ఆ మధ్యాహ్నమే, కొంగు తీసి, తన కడుపును తాను చూసుకుంది. ఎర్రగా, తడిగా, చిన్నగా... అది కదులుతోంది. చాలాసేపు చూసింది.

పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. కత్తెర పట్టడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తొమ్మిదో రోజుకు సంచికి కన్నం తానే కత్తిరించింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. విజయశ్రీ ఫైలులో రాసుకుంది — రోగి తన పని తాను చేసుకుంటోంది. పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు. ఎట్లా ఒప్పించావని అడిగితే నవ్వి ఊరుకుంది.

మాటే కదా. మాటకేం ఖర్చు?

పూత రాలింది. పిందె పట్టింది.

నెలకోసారి యాదలక్ష్మి వచ్చేది. చీర కుచ్చిళ్ళ కింద సంచి ఉన్నట్టు కూడా తెలిసేది కాదు. విజయశ్రీ ఆమెను చెయ్యి పట్టుకుని వార్డంతా తిప్పేది. చూడండి, ఈమెకూ ఇదే ఆపరేషన్, ఎట్లా తిరుగుతోందో చూడండి. గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళు ఇటు తిరిగేవాళ్ళు. యాదలక్ష్మి వాళ్ళ పక్కన కూర్చుని, కత్తెర ఎట్లా తిప్పాలో చూపించేది. చూపించి, బస్సుకు టైమవుతుంటే, వెళ్తూ వెళ్తూ అడిగేది.

"కాయ ఎప్పుడు తెస్తరు సిస్టర్?"

"చెప్త అక్కా."

మేలో ఎండలు ముదిరాయి. కొత్తపేట రైతుబజార్ ముందు కాయ కొట్టేవాళ్ళు వరసగా కూర్చున్నారు. కత్తి పడ్డప్పుడల్లా టెంక రెండుగా పగిలే చప్పుడు. పుల్లటి వాసన. వడగాలి ఆ వాసనను మోసుకుని గల్లీ గల్లీకీ తిరిగింది.

యాదలక్ష్మి గడపలో కూర్చుని వింది.

ఏడిళ్ళలో ఒక్క ఇల్లూ పిలవలేదు.

ఎవరూ కాదనలేదు కూడా. మన గల్లీల్లో కాదనడం ఎవరికీ రాదు. ఈ యేడు పెట్టట్లేదని చెప్పారు. ఉప్పూ కారం తగ్గించామన్నారు. గల్లీ గల్లీకంతా ఒక్క నెలలోనే బీపీ వచ్చింది పాపం. బీపీ వచ్చినవాళ్ళ వంటింట్లోంచే మెంతులు వేయించిన వాసన కూడా వచ్చింది.

ఫోన్ చేసి విజయశ్రీకి చెప్పింది ఈ ముచ్చట. చెబుతూ నవ్వింది. నవ్వి, ఆగి, అంది.

"మీ ఇల్లొక్కటి ఉన్నది గద సిస్టర్. ఒక్కరు తిన్నరంటే నలుగురు తింటరు. పోయి చెప్త గల్లీల — దవాఖాన సిస్టరే నా చేత కలిపించుకున్నదని."

ఒక్క ఇల్లు.

యాదలక్ష్మి చెయ్యి మళ్ళీ చెయ్యి కావడానికి ఒక్క ఇల్లు చాలు.

"ఆదివారం చెప్త అక్కా" అంది విజయశ్రీ.

ఆదివారం వచ్చింది.

బడంగ్‌పేట్‌లో విజయశ్రీ ఇల్లు. పొద్దున్నే కాయ కొట్టించుకొచ్చింది. జీడి తీసి, ముక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచింది. ఆవపిండి జల్లించింది. కారం కొలిచింది. బేసిన్ పక్కనే ఫోన్ పెట్టుకుంది.

అత్తమ్మ ఒప్పుకోదు — అనుకుంది.

అత్త సుమిత్రమ్మ నల్లగొండ పక్క పల్లెటూరి మనిషి. డెబ్బై ఏళ్ళు. శుక్రవారం తలంటుకోనిదే పొయ్యి ముట్టదు. ఎట్లా ఒప్పుకుంటుంది?

అడగలేదు.

ఎందుకు అడగలేదంటే... ఒప్పుకుంటుందేమోనని భయం.

అదీ అసలు సంగతి. పదకొండేళ్ళుగా వందల సంచులు తన చేత్తో విప్పింది, తన చేత్తో కడిగింది. ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. అదే చేత్తో ఇంటికొచ్చి అన్నం వండింది. అంటు లేదని పుస్తకం చెప్పింది, తానూ చెప్పింది, నమ్మింది కూడా. కానీ బేసిన్‌లో మోచేతుల దాకా దిగిన ఆ చేతులు తలుచుకుంటే... ఏడాదంతా పిల్లల కంచాల్లో పడే ముక్క తలుచుకుంటే... ఒంట్లో ఏదో వెనక్కి లాగింది. దానికి పేరు లేదు. చదువు లేదు. దానికి ఏ పాఠమూ ఎక్కదు.

తెలుసు. అన్నీ తెలుసు. తెలిసీ చెయ్యి ఫోన్ మీదికి పోలేదు.

వార్డులో చెప్పేవి శ్రీరంగనీతులు.

గాజులు పైకి తోసుకుని తానే కలిపింది.

సుమిత్రమ్మ జాడీ మూతికి గుడ్డ కట్టింది. బేసిన్‌లో వేడన్నం వేసి కలుపుతూ అడిగింది.

"ఎవరో ఉన్నదంటివి గద, కొత్తపేటల? మంచి చెయ్యి అంటివి. పిలువకపోయినవ్?"

విజయశ్రీ జాడీని గోడవారకు జరిపింది.

"ఆమెకు ఆపరేషన్ అయింది అత్తమ్మా. పేగు తీసి కడుపుకు సంచి పెట్టిన్రు."

ముసలమ్మ ముద్ద చేసింది.

"కడుపుకు గద. చెయ్యికేమైంది?"

అని, ముద్ద కోడలి నోటికి అందించింది.

ఇక తప్పు ఎవరి మీదికి తోసేద్దామన్నా ఎవరూ లేరు. నింద మోయడానికి ఇంట్లో ఉన్న ఒక్క ముసలి మనిషీ తప్పుకుంది.

సోమవారం యాదలక్ష్మి ఆ నెల చూపించుకోవడానికి వచ్చింది.

రాత్రంతా మండిన వేళ్ళకు విజయశ్రీ గ్లౌజులు తొడుక్కుంది. కొలిచింది, చర్మం చూసింది, అంతా బాగుందంది. పని అయిపోయాక గ్లౌజులు తీయక తప్పలేదు.

గోళ్ళ చివర పసుపు. చర్మం గీతల్లో కారం ఎరుపు.

తొక్కు కలిపిన చెయ్యి రెండు రోజులు దాచినా దాగదు. అందులో పద్నాలుగేళ్ళు ఏడిళ్ళకు కలిపిన మనిషి కళ్ళ నుంచి అసలే దాగదు.

యాదలక్ష్మి ఆ చేతులను చూసింది. ఆ చేతులే తన కడుపును కడిగాయి. ఆ చేతుల మీద ఆమెకు కోపం రాలేదు కాబోలు. ఒకసారి గాలి పీల్చి, చూపు తిప్పేసుకుంది.

"ఎల్లిపాయ జర ఎక్కువ పడ్డట్టున్నది సిస్టర్."

అంతే అంది.

"మా అత్తమ్మ... పెద్దమనిషి గద అక్కా... ఒప్పుకోలే..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కముందే చెప్పింది విజయశ్రీ. చెబుతుంటే తన గొంతు తనకే రోత పుట్టింది. పాపం సుమిత్రమ్మ, బడంగ్‌పేట్‌లో ఏమీ ఎరగకుండా బియ్యం ఏరుకుంటోందేమో.

యాదలక్ష్మి తలూపింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. కాయ గురించి అడగలేదు. ఆ రోజు వార్డులోకి కూడా రాలేదు.

తర్వాత నెల చూపించుకోవడానికి రాలేదు.

వానలు మొదలయ్యాయి. మిగిలిన కాయ పండై రాలింది. కిటికీ బయట మామిడి చెట్టు ఆకులతో మాత్రం నిలబడి తడుస్తోంది.

పదకొండో మంచం మీదికి ఇందు వచ్చింది.

ముప్పై ఒక్కేళ్ళు. అదే గడ్డ, అదే కోత, అదే సంచి. మూడేళ్ళ పాప ఉంది. ఆపరేషన్ అయి ఆరు రోజులు, పెరుగన్నం పెట్టొచ్చన్నారు. రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు. చూడటానికి వచ్చిన అత్త ఒక మాట అని పోయింది — పాపకు ఇక నువ్వు ముద్ద కలపకు, నేను చూసుకుంట.

ఇందు గోడవైపు తిరిగింది.

విజయశ్రీ పాఠం మొదలుపెట్టింది. అంటు లేదమ్మా. వండొచ్చు. వడ్డించొ...

ఆ మాట నోట్లోనే నిలిచిపోయింది.

ఇందు తిరగకుండానే అంది. "మీరు చెప్తరు సిస్టర్. మీకేంది."

నిజమే. తనకేంది?

ఆ సాయంత్రం విజయశ్రీ యాదలక్ష్మికి ఫోన్ చేసింది. ఏ ముఖం పెట్టుకుని చేసిందో ఆమెకే తెలియాలి. పిల్ల తినట్లేదక్కా, ఒక్కసారి రావాలె అంది. అటునుంచి వాన చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మర్నాడు మధ్యాహ్నం యాదలక్ష్మి వచ్చింది.

తడిసిన గొడుగు మూల పెట్టింది. విజయశ్రీని పలకరించలేదు. ఇందు పక్కన కూర్చుని, చీర కొంచెం పక్కకు జరిపి, తన సంచి చూపించింది. "నాది గూడ ఇదే బిడ్డా."

ఇందు తిరిగి చూసింది. చూసి అడిగింది. మెల్లగా, భయపడుతూ అడిగింది.

"మీరు ముట్టింది ఎవరన్న తింటరా?"

వార్డు మొత్తం ఆ మాట కోసమే ఆగినట్టయింది.

యాదలక్ష్మి ఎటూ చూడలేదు.

"తినకేంది? గీ సిస్టర్ లేదా, ఆమె ఇంట్ల ఈ యేడు తొక్కు నేనే కలిపిన. గీ చేతులతోనే. మొదటి ముద్ద గూడ నాకే పెట్టిన్రు."

ఇందు కళ్ళు విజయశ్రీ మీదికి లేచాయి.

"నిజమా సిస్టర్?"

ఆ కళ్ళలో మూడేళ్ళ పాప ఉంది. పాప నోటి దగ్గర ఆగిపోయిన ముద్ద ఉంది.

"నిజమే" అంది విజయశ్రీ.

యాదలక్ష్మి లేచింది. సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. గిన్నెలో పెరుగన్నం మెత్తగా కలిపి చిన్న ముద్ద చేసింది. ఇందు నోరు తెరిచింది. ఒకటి. రెండు. మూడో ముద్దకు ఇందు కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, కారుతూనే నమిలింది.

విజయశ్రీ పక్కన నిలబడి చూసింది. ఆ చేతిని చూసింది. ఎంత శుభ్రంగా ఉందో... ఎంత నెమ్మదిగా ఉందో... తన ఇంటి బేసిన్‌లోకి ఆ చేతిని తానే రానివ్వలేదు.

లిఫ్టు దాకా వెంట నడిచింది.

"అక్కా, వచ్చే ఎండకాలం తప్పకుంట..."

"వద్దు సిస్టర్."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

"ఆ పిల్ల కోసం ఒక్క అబద్ధమాడిన. నీ కోసం కాదు. మళ్ళ మళ్ళ ఆడే ఓపిక నాకు లేదు."

"మీ అత్తమ్మకు చెప్పు" అని ఇంకేదో అనబోయి, లిఫ్టు ఎక్కుతూ ఆగింది యాదలక్ష్మి. "పెద్దమనిషి. ఆమె తప్పేం లేదులే."

లిఫ్టు మూసుకుంది.

ఆ ఒక్క మాటకైనా నిజం చెప్పాల్సింది. మా అత్తమ్మ ఏమీ అనలేదక్కా, నేనే పిలవలేదు — అనాల్సింది. మూసుకున్న తలుపు ముందు నిలబడి మనసులో అనుకుంది. మనసులో అయితే ఎవరైనా అంటారు.

తిరిగి వార్డుకు వచ్చేసరికి ఇందు దిండుకు ఆనుకుని కూర్చుంది. ముఖం కడుక్కుంది. కత్తెర అడిగి తెప్పించుకుంది, ఒడిలో పెట్టుకుంది.

"సిస్టర్... ఆ తొక్కు జర తెస్తరా?"

"ఇప్పుడు కారం తినొద్దమ్మా. ఆరు వారాలు ఆగాలె." నర్సు నోరు. దానంతట అదే చెప్పేసింది.

"నాకు కాదు. మా అత్తకు." ఇందు ముఖంలో వారం రోజులకు మొదటిసారి కొంచెం పట్టుదల కనిపించింది. "ఐతారం పాపను తీసుకొని వస్తది. ముందుగాల ఆమెతోని తినిపిస్త. మంచిగున్నదని ఆమె అన్నంక చెప్త, ఇది ఎవరు కలిపిన్రో. అప్పుడు నా బిడ్డకు నన్నే పెట్టనియ్యదా?"

విజయశ్రీ మంచం పక్కనున్న ఖాళీ గిన్నె తీసింది.

ఇంట్లో తాను కలిపిన జాడీ నిండుగా ఉంది. ముక్క ఇంకా కరకరలాడుతోంది.

"ఒక చిన్న సీసల సాలు సిస్టర్. ఐతారం లోపల. తెస్తరు గద...?"

కిటికీలోంచి తడిసిన ఆకుల వాసన వచ్చింది. ఇందు చూస్తూనే ఉంది.